పొందూరు చొక్కా మీద బాక్టీరియా గురి

పొందూరు తెల్ల ఖద్దరు మీద వసంతం నీళ్ళు పడితే ఏమవుతుందో మీలో ఎవరికైనా తెలుసా? తెలియకపోతే అదృష్టవంతులు, అలాగే ఉండిపోండి. నేను మాత్రం నిండు సభలో, మా ఊరి ఆడవాళ్ళంతా చూస్తుండగా, గురి చూసి మరీ కొట్టి తెలుసుకున్నాను. పైగా అదంతా సైన్సు కోసమే చేస్తున్నానని నా నమ్మకం. ఆ క్షణంలో కాలేజీ భవనం మొత్తం కుప్పకూలి ఉంటే నాకేమీ అభ్యంతరం ఉండేది కాదు. కూలలేదు. అలాంటి సాయం మనకు కావలసినప్పుడు ఎవరూ చెయ్యరు.

కథలోకి వెళ్ళే ముందు నేను అప్పట్లో ఎలాంటి మనిషినో చెప్పాలి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పాసై, విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరాను. పేరు పైడితల్లి. పిల్లలు పైడి మేడమ్ అనేవాళ్ళు. బాక్టీరియా సంగతులు నోరు తెరిచి చెప్పాలేగానీ, జనం అన్నం నీళ్ళు మానేసి వింటారని గట్టిగా నమ్మేదాన్ని. గరివిడి బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ కడుపునొప్పి అంటే చాలు, టైఫాయిడ్ క్రిమి మన పేగు గోడకు సూది ఎలా గుచ్చుతుందో మొదలుపెట్టేసేదాన్ని. ఆవిడ వచ్చే స్టాపులో దిగిపోయేది. పాపం, ఆవిడ ఊరు అదే కాబోలు అనుకునేదాన్ని.

మా డిపార్ట్‌మెంటు అంటే నేనే. ఒక గది, ఒక మైక్రోస్కోపు, క్రిములను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ పెట్టె ఒకటి, పిల్లలకంటే ఎక్కువ కుర్చీలు. పక్క గది కంప్యూటర్ డిపార్ట్‌మెంటు. అక్కడ కుర్చీలకంటే పిల్లలు ఎక్కువ. రెండు గదులకూ నడుమ గోడ లేదు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. ఇటు చీదితే అటు వినపడేది. ఇక అసలు తగువు ఏమిటంటే, ఆ రెండు గదులకూ కలిపి వరండాలో పనికొచ్చే ప్లగ్గు ఒక్కటే. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. నా ఇంక్యుబేటర్ పెడితే వాళ్ళ కంప్యూటర్లు ఆగిపోయేవి. వాళ్ళ కంప్యూటర్లు పెడితే నా క్రిములు చలికి చచ్చేవి.

కంప్యూటర్ల సారు పేరు సూర్యనారాయణ. అందరికీ సూరి సారు. ఊరు పొందూరు. వాళ్ళమ్మగారు ఇప్పటికీ చరఖా తిప్పుతారు. ఆవిడ వడికిన నూలుతో నేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చేవాడు. ఏడాది పాటు చూశాను, ఆ చొక్కా మీద ఒక్క చుక్క మరక కనపడలేదు. నా తెల్ల కోటు నిండా క్రిములకు వేసే ఊదారంగు మరకలు. ఇందుకే ఆయన మీద నాకు సగం కోపం. మిగతా సగం ప్లగ్గు కోసం. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. మెల్లిగా వచ్చి, నా వైరు పీకి, తన వైరు పెట్టి, మెల్లిగా వెళ్ళిపోయేవాడు. నేను తరవాత వెళ్ళి ఆయనది పీకేదాన్ని. చదువుకున్నవాళ్ళం కదా, ఒక్క మాట అనుకునేవాళ్ళం కాదు.

ఎండాకాలం వచ్చింది. ఇంటరు పాసైన పిల్లలను చేర్చుకునే రోజులు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కుర్చీ చూపించకుండానే సంగతి చెప్పేశారు. ఈసారి సగం సీట్లయినా నిండకపోతే మైక్రోబయాలజీ ఎత్తేస్తారట. గది కంప్యూటర్లకు ఇచ్చేస్తారట. మరి నేను అని అడిగాను. ఆయన కిటికీలోంచి కోట వైపు చూశారు. నా భవిష్యత్తు అటుపక్క ఎక్కడో ఉందని అర్థమైంది.

ఆ వారంలో కాలేజీ చూడటానికి ఊళ్ళనుంచి పిల్లలు, తల్లిదండ్రులు వచ్చే ఒక రోజు పెట్టారు. ఒక్కో డిపార్ట్‌మెంటూ తమ గొప్ప తాము చెప్పుకోవాలి. కంప్యూటర్ల వాళ్ళు ఏమీ చెప్పక్కర్లేదు, తలుపు తీసి ఉంచితే చాలు. నేను ఏం చూపించాలి? క్రిములేమో కంటికి కనపడవు. కనపడని దాన్ని చూపించి ఫీజు కట్టమంటే ఎవరు కడతారు? రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక, నాటకం వెయ్యాలని తోచింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

నాకు ప్రాణమైన పాఠం ఒకటుంది. బాక్టీరియా తమ ఒంట్లోంచి విషాలను బయటికి చిమ్మే యంత్రాల గురించి. పుస్తకాల్లో వాటిని స్రావ వ్యవస్థలంటారు, ఒకటో రకం, రెండో రకం అని వరుసగా అంకెలు వేశారు. వాటిలో ఆరో రకం చూడాలి, అబ్బ! క్రిమి ఒంట్లో ఈటె ఒకటి తొడుగులో పెట్టి సిద్ధంగా ఉంటుంది. పక్కన తిండికి పోటీ వచ్చే క్రిమి తగిలిందంటే, తొడుగు ఒక్కసారిగా ముడుచుకుని ఈటెను పక్కవాడి ఒంట్లోకి దింపుతుంది. ఈటె మొనకు విషం. అయితే సొంతవాళ్ళందరి ఒంట్లో ఆ విషానికి విరుగుడు ముందే ఉంటుంది. అందుకని అక్కచెల్లెళ్ళు రోజంతా ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నా ఎవరికీ ఏమీ కాదు, పొరపాటున మధ్యలోకి వచ్చిన బయటివాడు పోతాడు. మా మేనత్తలు ఒక పెళ్ళిలో కలిసినప్పుడు జరిగేది కూడా ఇదే గనక ఈ పాఠం నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

ఇంకో రకం క్రిమి ఉంది, అది మరీ చిత్రం. దాని జోలికి వెళ్ళనంతసేపూ అది ఎవరినీ ఏమీ అనదు. పొడిచారా, తన ఒంటి మీద ఏ చోట పొడిచారో చూసుకుని, సరిగ్గా ఆ చోటినుంచే తిరిగి పొడుస్తుంది. దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయి అనుభవించాను.

నాటకం ఇలా అనుకున్నాను. మా క్లాసు ఆడపిల్లలు కొందరు అక్కచెల్లెళ్ళ క్రిములు. వాళ్ళు పొలాల్లో వానకి కప్పుకునే ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుంటారు. అదే విరుగుడు. ఒక సెకండియర్ అబ్బాయి పట్టా లేకుండా వస్తాడు. వాడు బయటి క్రిమి, మన తిండి మీద చెయ్యి వేస్తాడు. అప్పుడు నేను ఈటెతో రంగునీళ్ళు కొడతాను. వాడు పడి చస్తాడు. జనం చప్పట్లు కొట్టి మైక్రోబయాలజీలో చేరతారు.

ఈటెకి ఏం వాడాలా అని ఆలోచిస్తే మా ఇంట్లో అటక మీద ఉన్న ఇత్తడి చిమ్మనగొట్టం గుర్తొచ్చింది. పెద్ద సిరంజీలా ఉంటుంది, వెనక కాడ నెడితే ముందు సన్నటి ధార వస్తుంది. ఆరో రకానికి అచ్చం సరిపోయింది. రంగుకి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా వస్తుంది, పైసా ఖర్చు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ప్రాంతం వాళ్ళు ఈపాటికి నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. మిగతావాళ్ళకు చెప్పాలి. మా వైపు పెళ్ళయ్యాక వసంతాలాడతారు. పసుపూ సున్నం కలిపిన ఆ ఎర్రనీళ్ళనే వసంతం అంటారు. ఆ ఇత్తడి చిమ్మనగొట్టం ఉన్నదే అందుకు. అది ఎవరి మీద పడితే వాళ్ళ మీద కొట్టేది కాదు. బావ మీద మరదలు కొట్టాలి, మరదలి మీద బావ కొట్టాలి. ఒక ఆడపిల్ల ఒక మగవాడి మీద వసంతం చిమ్మిందంటే అతను తనకు వరసైనవాడని పదిమందిలో చెప్పినట్టే. ఇది నాకు తెలియదా? పాలు తాగే వయసునుంచీ తెలుసు. కానీ ఎమ్మెస్సీ చదివినప్పుడు తలలో కొత్తవి పెట్టడానికి చోటు చాలక పాతవి కొన్ని జరిపేసుకున్నాను.

చిమ్మనగొట్టం తెచ్చిపెట్టమని మా రాములమ్మత్తకు ఫోను చేశాను. ఆవిడ మా నాన్న అక్క. గరివిడి అవతల మా ఊళ్ళో ఉంటుంది. ఊళ్ళో ఏ సంబంధం కుదరాలన్నా, ఏ తగువు తీరాలన్నా ఆవిడ లేనిదే జరగదు.

"ఎవుల పెళ్ళే?" అంది.

పెళ్ళి కాదు, సైన్సుకి అన్నాను. సైన్సు ఎవరి అబ్బాయి అని అడుగుతుందేమోనని భయపడ్డాను గానీ, అడగలేదు. పనిలో పనిగా, కుర్చీలు ఖాళీగా ఉంటే పరువు పోతుంది, నలుగురినీ తీసుకురా అత్తా అని కూడా చెప్పాను. చూశారా, నా గోతికి కావలసిన పలుగూ పారా నేనే ఫోను చేసి తెప్పించుకున్నాను.

ఆ రోజు అత్త ఒక ఆటో నిండా ఆడవాళ్ళను వేసుకుని దిగింది. తలల్లో కనకాంబరాలు, పట్టుచీరలు. కాలేజీకి వచ్చినట్టు లేరు, విడిదికి వచ్చినట్టున్నారు. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారి పక్కనే కూర్చుని ఆయన ఏ ఊరో, పిల్లలెందరో కనుక్కోవడం మొదలుపెట్టారు. వెనక ఊళ్ళనుంచి వచ్చిన తల్లిదండ్రులు. ఎండకు తాళలేక మా షామియానా కిందికి చేరారు గానీ, పాఠం మీద మోజుతో కాదు.

మైకు, ఫ్యాను, అన్నీ ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సుకే పెట్టాను. ఆ బాక్సు తీసుకొచ్చి స్టేజీ మధ్యలో పెట్టించాను, తిండికి గుర్తుగా. ఆలోచన చాలా బాగుందని మా పిల్లలు కూడా అన్నారు. మెడలో మైకు తగిలించుకుని, చిమ్మనగొట్టం నింపుకుని, మొదలుపెట్టాను. ఆడపిల్లలు పట్టాలు కప్పుకుని నిలబడ్డారు. వాళ్ళ మీద కొట్టాను, నీళ్ళు జారిపోయాయి. విరుగుడు అంటే ఇదే అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు, వెనక ఉన్నవాళ్ళు మెడలు సాచారు. నాకు ఊపొచ్చింది.

ఇక బయటి క్రిమి రావాలి. రాలేదు. ఆ సెకండియర్ అబ్బాయి పుట్టినరోజు చొక్కా వేసుకొచ్చాడట, అది పాడవుతుందని వెనక గేటునుంచి వెళ్ళిపోయాడు. నాకు ఆ సంగతి తెలియదు. గొట్టం మళ్ళీ నింపుకుని, గొంతు పెంచి, "ఇప్పుడు పక్కింటి క్రిమి వస్తుంది. మన తిండి మీద చెయ్యి వేస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం?" అని అడుగుతున్నాను.

సరిగ్గా అప్పుడే సూరి సారు స్టేజీ ఎక్కాడు.

నేను బాక్సు తెచ్చేసుకోవడంతో ఆయన కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. గదినిండా జనం. ఆయన తన అలవాటు ప్రకారం ఎవరినీ ఏమీ అనకుండా మెల్లిగా వచ్చి, వంగి, నా వైరు మీద చెయ్యి వేశాడు. ఒంటి మీద కొత్త పొందూరు చొక్కా, పాలనురుగులా ఉంది. మా పిల్లలకు ఇదంతా నాటకంలో భాగమే అనిపించింది. "మేడమ్, వచ్చేసింది మేడమ్" అని అరిచారు.

నన్ను ఆపడానికి ఒక్కరూ లేకపోయారు. ఏడాదిపాటు చలికి చచ్చిన నా క్రిములన్నీ కళ్ళ ముందు కదిలాయి. కొట్టేశాను.

ఎడమ భుజం మీద తగిలి, జేబు దాకా పాకింది. ఆ తెలుపు మీద ఆ ఎరుపు ఎంత బాగా కనపడిందో చెప్పలేను, వెనక వరసలో కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన ముసలాయనకి కూడా కనపడింది. ఫ్యాను ఆగిపోయింది. సూరి సారు చేతిలో ప్లగ్గు. ముందు వరసలోంచి రాములమ్మత్త లేచి నిలబడి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"ఏ ఊరు బాబూ మీది?"

"పొందూరండి" అన్నాడు ఆయన, ప్లగ్గు పట్టుకునే.

"ఎవుల అబ్బాయివి?"

ఆయన తండ్రి పేరూ, ఇంటిపేరూ చెప్పాడు. పరీక్షలో పిల్లాడిలా నిలబడి చెప్పాడు. నాకు ప్రాణం పోతోంది. అత్తా, నువ్వు కూర్చో, ఇది వసంతం కాదు, ఆరో రకం స్రావం అన్నాను. మైకు ఆగిపోయినా నా గొంతు చివరి వరస దాకా వెళ్ళింది, దేవుడిచ్చిన గొంతు.

"ఏ రకమైతే నాకేటి?" అంది అత్త. "పసుపే గదా, సున్నమే గదా. గొట్టం మనదే గదా. మా పిల్ల కొట్టినాది, వరస ఏటో తెలాల గదా. నాను అడక్కపోతే ఇంకెవులు అడుగుతారు?"

పట్టుచీరలన్నీ ఒక్కసారి నవ్వాయి. ఎవరో వసంతాల పాట ఎత్తుకున్నారు. ఆటో డ్రైవరు ఫోను తీసి వీడియో పట్టుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ గారి ముఖం మాత్రం నా వసంతం కంటే ఎర్రగా ఉంది. కోర్సు పోయింది, గది పోయింది, ఉద్యోగం పోయింది, ఇక నేను ఎవరికీ ముఖం చూపించలేను అనుకున్నాను.

సూరి సారు తన భుజం చూసుకున్నాడు. నన్ను చూశాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు: "మేడమ్, నాకు విరుగుడు లేదు గదా. మరి పడిపోవాలా?"

నేను బొమ్మలా తల ఊపాను. ఆ మనిషి ప్లగ్గు కింద పెట్టి, ఆ ఖద్దరు చొక్కాతోనే, ఆ దుమ్ము స్టేజీ మీద వెల్లకిలా పడి కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ఈయనకి విరుగుడు సంగతి ఎలా తెలుసని నాకు అప్పుడు తట్టలేదు. తరవాత తట్టింది. ప్లైవుడ్ చెక్క. ఏడాది పొడుగునా నా పాఠాలన్నీ ఆయనకి ఉచితంగా అందాయి.

ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఇది కాలేజీనా పెళ్ళిపందిరా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు సూరి సారు, ఇదంతా మేమిద్దరం ముందే అనుకుని వేసిన నాటకం సార్ అనేశాడు. అంత శుద్ధమైన అబద్ధం అంత ప్రశాంతంగా చెప్పగలిగిన మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. ఆ చొక్కాని కూడా నాటకం కోసమే వేసుకొచ్చావా అని ఆయన వెటకారంగా అడిగితే, అవునండి, తెల్లగా ఉంటే బాగా కనపడుతుందని మేడమ్ చెప్పినారు అన్నాడు. బయటికి వచ్చాక థాంక్స్ చెప్పాను. పరవాలేదన్నాడు. రెండడుగులు వేసి ఆగి, "తిరిగి పొడిచే రకం ఒకటుంటాది గదా మేడమ్, అది ఎక్కడ తగిలితే అక్కడినుంచే కొడతాదా?" అని అడిగాడు. పాఠం మీద శ్రద్ధ అనుకున్నాను. ఎంచక్కా మొత్తం వివరించాను కూడా.

తడిసిన చొక్కాతో ఆయన తన గదిలో కూర్చోలేడు కదా, అందుకని నా తెల్ల కోటు ఇచ్చాను. అదే నా అదృష్టం తిరిగిన చోటు. కోటు జేబు మీద మైక్రోబయాలజీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది తొడుక్కుని ఆయన కంప్యూటర్ల గది ముందు నిలబడ్డాడు. వసంతం చూసి వచ్చిన జనమంతా నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి ఆ క్రిముల చదువు గురించి అడగడం మొదలుపెట్టారు. నాది కాదు, పక్క గది అని ఆయన చెప్పొచ్చు. చెప్పలేదు. చీపురుపల్లి వైపు నుంచి కూతురిని తీసుకొచ్చిన రైతు ఒకాయన, ఈ చదువు మా పొలానికేమైనా పనికొస్తుందా అని అడిగితే, ఆయన అందుకున్నాడు. నేను తలుపు చాటునుంచి వింటున్నాను.

"వరికి ఎండాకు తెగులు వస్తాది గదండి. ఆ క్రిమి ఏటి సేస్తాదో సూడండి. ఆకు లోపలికి సన్నటి సూది గుచ్చీసి, ఒక చీటీ పంపుతాది. పంచదార బయట పెట్టు అని. ఆకు ఎర్రిబాగులది. ఇంటి పెద్దోళ్ళే రాసినారనుకుని తన పంచదారంతా తెచ్చి పెట్టేస్తాది. క్రిమి తాగి బలుస్తాది, ఆకు ఎండిపోతాది. దాన్ని మూడో రకం అంటారు."

నేను అదే పాఠం గంట చెబుతాను, పిల్లలు నిద్రపోతారు. రైతు మాత్రం రెప్ప వెయ్యలేదు. "మరి ఆ సూది ఇరగ్గొట్టీసే మందు లేదా బాబూ?" అని అడిగాడు.

సూరి సారు నా వైపు చూశాడు. అసలు సంగతి చెప్పడం నా వంతు. ఇప్పటికి సరైన మందు లేదు, ఆ తెగులును తట్టుకునే వంగడాలు కొన్ని ఉన్నాయి, అది కూడా ఎల్లకాలం నిలవదు, క్రిమి కొత్త చీటీ రాయడం నేర్చుకుంటుంది అన్నాను. "దాన్ని కనిపెట్టడానికే మీ అమ్మాయిని మాకివ్వండి." ఆ పిల్ల ఆ సాయంత్రమే చేరింది. ఆటో డ్రైవరు వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. ఆ చిమ్మనగొట్టం కోర్సు ఏదని వెతుక్కుంటూ మరికొందరు వచ్చారు. కాలేజీ తెరిచేనాటికి సగం సీట్లు నిండి ఇంకొంచెం పైకే వెళ్ళాయి. నా గది నాకే ఉంది. ప్రిన్సిపాల్ గారు ఇంకో ప్లగ్గు కూడా వేయించారు, మళ్ళీ అలాంటిది జరగకుండా.

అంతా బాగుంది, చొక్కా తప్ప. శుభ్రం చేసి ఇస్తానని ఇంటికి తీసుకెళ్ళాను. సబ్బు వేసి రుద్దాను. రుద్దినకొద్దీ మరక ఎర్రబడింది. నిమ్మకాయ పిండాను, పచ్చబడింది. మళ్ళీ సబ్బు, మళ్ళీ ఎరుపు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని, పులుపు తగిలితే మళ్ళీ పసుపుకు తిరుగుతుందని ఏటా ఫస్టియర్ పిల్లలకు చేసి చూపిస్తాను, తప్పు రాస్తే మార్కులు కోస్తాను. నా పెరట్లో నా చేతుల్లో జరుగుతుంటే మాత్రం చొక్కాకి దిష్టి తగిలిందనుకున్నాను. చివరికి దండెం మీద మరిచిపోయి వదిలేస్తే, ఎండకు దానంతటదే వెలిసింది. భుజం మీద లేత గంధపు మరక మాత్రం మిగిలిపోయింది. భయపడుతూ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన మడత విప్పి చూసి, పరవాలేదు మేడమ్, ఇప్పుడు నాదని గుర్తు ఉంటాది అన్నాడు. ఎందుకో ఆ మాట రాత్రి దాకా వినపడుతూనే ఉంది.

ఈలోపు రాములమ్మత్త ఊరుకుందా? పొందూరు బస్సెక్కేసింది. అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా వదలడం ఆవిడ చరిత్రలో లేదు. సూరి వాళ్ళమ్మగారూ ఆవిడా అరుగు మీద కూర్చుని రెండు తరాల చుట్టరికాలు తవ్వారట. తిరిగొచ్చి నాకు ఫోను చేసి, "ఆ అబ్బాయి నీకు అన్న వరస అవుతాడే, పోన్లే" అంది.

పోనీలే అని నేనూ అన్నాను. ఫోను పెట్టేశాక అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అదేమిటి, ఏడాదిగా ఎవరి వైరు పీకడానికి కాచుకుని కూర్చున్నానో ఆయన అన్న అయితే నాకేం? చాలా దుఃఖం కలిగింది. ఉన్న మాట చెబుతున్నాను, ఆయన నాకు కావాలనిపించింది. ఆ ముక్క నాకు తెలిసిందే ఆ పూట. మర్నాడు క్లాసులో విరుగుడు అనబోయి వరస అన్నాను. చెక్క అవతల ఎవరో దగ్గారు.

రెండు రోజుల తరవాత అత్త మళ్ళీ ఫోను. మొదట లెక్కేసిన దారి తప్పట. నడుమ ఒక దత్తత ఉంది, దాన్ని లెక్కలో వేసుకోవడం మరిచారట. ఆ దారిన వస్తే బావే అవుతాడట. "నివ్వు గురి సూసే కొట్టినావు గదే" అంది. నేను సైన్సు కోసం కొట్టానని ఎవరికీ నచ్చచెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే పెద్దగా ప్రయత్నించలేదు.

పెళ్ళి జరిగింది. మర్నాడు వసంతాలు. మా అత్తగారు, అంటే సూరి అమ్మగారు, నా కోసం దాచిన తెల్ల పొందూరు చీర కట్టబెట్టారు. వాలుగ చేప దవడతో దూది ఏకి, ఆవిడే వడికిన నూలు. గాలి కట్టుకున్నట్టుంది. అంత తెల్లటి బట్ట నేను జన్మలో కట్టలేదు, ఊదారంగు మరకల మనిషిని. వసంతాల వేళకి మార్చుకుందామని లేస్తుంటే మా ఆయన పందిట్లోకి వచ్చాడు. ఒంటి మీద ఆ గంధపు మరక చొక్కా. వెనక్కి పెట్టుకున్న చేతిలో ఏముందో చూసేలోపే ధార వచ్చింది.

ఎడమ భుజం. అక్కడినుంచి కిందికి, సరిగ్గా జేబు ఉండాల్సిన చోటు దాకా. వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నాళ్ళూ దాచుకుని, వరస తేలేదాకా ఆగి, తగిలిన చోటే తిరిగి పొడిచాడు. నేను చెప్పిన పాఠం ఇంత బాగా ఒంటబట్టిన విద్యార్థి నాకు మళ్ళీ దొరకలేదు.

న్యాయం కోసం అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ చేతుల కష్టం కదా, కొడుకు చెవి మెలిపెడతారని ఆశ. ఆవిడ నా భుజం చూశారు, కొడుకు భుజం చూశారు. "ముందు మొదలెట్టినది నివ్వే గదమ్మా" అన్నారు. రాములమ్మత్త పక్కనుంచి అవునన్నట్టు తల ఊపింది.

కాబట్టి పసుపూ సున్నం సాక్షిగా, ఇంక్యుబేటర్‌లో వెచ్చగా ఉన్న నా క్రిముల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వరస కనుక్కోకుండా ఏ మగవాడి మీదా ఏ రకం స్రావమూ ప్రయోగించను. ప్రదర్శనకి నీళ్ళే వాడతాను, అవి కూడా మంచినీళ్ళు. మా ఇంట్లో ప్లగ్గు దగ్గర ముందుగా నేను ఎప్పుడూ మొదలుపెట్టను. ఆయన వచ్చి నా వైరు మీద చెయ్యి వేస్తే మాత్రం, ఎక్కడ తగులుతుందో నా పూచీ లేదు.